మందు మానకండి, మొర మానకండి

ఉపవాస ప్రార్థనల రోజులు వస్తున్నాయి. 21 రోజులని ఒక సంఘం, 40 రోజులని ఇంకో సంఘం కరపత్రాలు పంచుతున్నాయి. మందిరాల ముందు పందిళ్లు వేస్తున్నారు, ఊరి మొగలో ఫ్లెక్సీలు లేస్తున్నాయి. ఈ కూడికలకు బయల్దేరే ప్రతి ఇంటికీ ముందుగా ఒక మాట. ఇన్సులిన్ తీసుకుంటున్నవారు, ఫిట్స్‌కి, టీబీకి, బీపీకి, గుండెజబ్బుకి, మానసిక వ్యాధికి, హెచ్ఐవీకి మందులు వాడుతున్నవారు డాక్టరును అడగకుండా ఒక్క పూట మందు కూడా ఆపకండి. చెప్పినవారు ఎంత గొప్ప దైవజనులైనా సరే, ఎంత ప్రేమతో చెప్పినా సరే, ఆపకండి. ఇది మీ విశ్వాసాన్ని తక్కువ చేసే మాట కాదు. మీ ప్రాణం దక్కాలని చెప్పే మాట.

నేను ప్రార్థించే ఇంట్లో పుట్టినవాణ్ణి. తెల్లవారుజామున నాలుగింటికి మా నాయనమ్మ మోకాళ్ల మీద గొణుక్కునే మాటలు వింటూ నిద్రలేచినవాణ్ణి. పట్టువిడవని ప్రార్థన అంటే ఏమిటో ఆమె దగ్గరే చూశాను. అందుకే, ఆ పట్టుదల పేరు చెప్పి జబ్బుమనుషుల చేతిలోంచి మాత్రలు లాగేస్తుంటే ఊరుకోలేకపోతున్నాను.

ఇది ఎలా జరుగుతుందో సంఘానికి వెళ్లేవారికి తెలుసు. మందులు పారేయండని మైకులో బాహాటంగా అనేవారు కొందరే. మిగతాచోట్ల ఆ పని సాక్ష్యాల చేత జరుగుతుంది. షుగరు మాత్రలు మానేశాను, బాగున్నాను అని ఒక సోదరి చెబుతుంది. మందిరమంతా చప్పట్లు, హల్లెలూయాలు. వెనక వరుసలో చాప మీద కూర్చున్న ఇంకో అమ్మ తన సంచిలోని మాత్రల డబ్బాను కొంగు కిందికి జరుపుకుంటుంది. తనకు విశ్వాసం లేదేమోనని ఆమెకు మొదటిసారి అనుమానం వస్తుంది. ఆ రాత్రి మాత్ర వేసుకోదు. ఆమెను ఎవరూ మానమనలేదు, అయినా మానేసింది. మూడు నెలల తర్వాత ఆమె ఆసుపత్రిలో ఉన్నా, అంతకంటే దారుణమైనది జరిగినా, ఆ సంగతి మైకు దాకా రాదు. అందుకే సంఘం ఎప్పుడూ సగం కథే వింటుంది.

ఇలా బోధించేవారు లూకా సువార్తలోని రెండు కథల్ని తరచుగా ఎత్తుకుంటారు. 11వ అధ్యాయంలో అర్ధరాత్రి పొరుగింటి తలుపు తట్టి మూడు రొట్టెలు అడిగే మనిషి కథ, 18వ అధ్యాయంలో న్యాయాధిపతిని విసిగించే విధవరాలి కథ. రెండూ పట్టుదలతో అడగడం గురించినవే, సందేహం లేదు. కానీ కాస్త నిదానించి చదవండి. అర్ధరాత్రి తలుపు తట్టిన మనిషి తన కడుపు కోసం అడగలేదు. ప్రయాణం చేసి వచ్చిన స్నేహితుడి ముందు పెట్టడానికి ఇంట్లో ఏమీ లేదని, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి అడిగాడు. అతని తీరుకు గ్రీకు మూలంలో వాడిన మాటకు సిగ్గులేనితనం అని అర్థం. మన తెలుగు బైబిలు కూడా ఆ మాటను మెత్తబరచకుండా సిగ్గుమాలి అనే పెట్టింది. లేమిని దాచుకునే సిగ్గు అతనికి లేదు. విధవరాలి సంగతీ అంతే. న్యాయాధిపతి ఎన్నిసార్లు తిప్పి పంపినా ఆమె తనకు న్యాయం జరగలేదనే చెప్పింది. జరగలేదు కాబట్టే మళ్లీ వచ్చింది.

ఇప్పుడు మన కూడికల్లో వినిపించే బోధను ఈ కథల పక్కన పెట్టి చూడండి. స్వస్థత పొందానని నోటితో ఒప్పుకో, నొప్పి ఉన్నా లేదని పలుకు, రిపోర్టులో ఏమున్నా నమ్మకు, ఇంకా తగ్గలేదన్నావంటే వచ్చిన స్వస్థత పోతుంది అంటారు. ఆ విధవరాలికి ఎవరైనా ఇలా బోధించి ఉంటే ఆమె రెండోసారి న్యాయాధిపతి గుమ్మం తొక్కేది కాదు. న్యాయం దొరికిందని పలుకుతూ ఇంట్లో కూర్చునేది. పొందానని ముందే చెప్పినవాళ్లకు మళ్లీ అడగడానికి ఏం మిగులుతుంది? ఈ బోధ పట్టుదలను పెంచుతున్నట్టు కనిపిస్తుంది గానీ దాని మొదలే నరికేస్తుంది. జబ్బుమనిషి నోట్లోంచి మొర తీసేసి, అక్కడ ఒక వల్లెవేతను పెడుతుంది.

ధైర్యం అనే మాటకూ ఇదే గతి పట్టింది. హెబ్రీ పత్రిక 4వ అధ్యాయంలో కృపాసనం దగ్గరికి ధైర్యంగా రమ్మనే చోట ఉన్న గ్రీకు మాట పరేసియా. గ్రీకు నగరాల్లో పౌరుడు సభలో లేచి తన మనసులో మాట దాపరికం లేకుండా చెప్పగలిగే హక్కుకు ఆ పేరు ఉండేది. అంటే దేవుని ముందు ధైర్యమంటే నాకు నొప్పిగా ఉందని చెప్పగలగడం, భయంగా ఉందని చెప్పగలగడం. మార్కు 9వ అధ్యాయంలో కొడుకు కోసం వచ్చిన తండ్రి, తనకు నమ్మకం చాలడం లేదని ఒప్పుకున్నాడు. యేసు అతణ్ణి గద్దించలేదు, బిడ్డను బాగుచేశాడు. మన కూడికల్లో అదే మాట అంటే పక్కవారు నోరు నొక్కుతారు. దేవుడు ఇచ్చిన స్వేచ్ఛను మనుషులే లాక్కుంటున్నారు.

ఈ తప్పు ఎక్కడి దాకా తీసుకెళుతుందో అమెరికాలోని కాలిఫోర్నియాలో, బార్‌స్టో అనే ఊళ్లో 1973లో చూశారు. 11 ఏళ్ల బాబుకు షుగరు, రోజూ ఇన్సులిన్ పడాలి. ఆగస్టులో సంఘానికి వచ్చిన ఒక బోధకుడు ప్రార్థించాడు. బాబుకు స్వస్థత కలిగిందని తండ్రి ప్రకటించాడు. ఇన్సులిన్ ఆపేశారు. బాబుకు వాంతులు, కడుపునొప్పి, తర్వాత స్పృహ తప్పడం. ఆ లక్షణాలన్నీ సాతాను చేస్తున్న మోసమని నమ్మి తల్లిదండ్రులు, విశ్వాసులు చుట్టూ కూర్చుని ఎడతెగక ప్రార్థించారు. బాబు చనిపోయాడు. చనిపోయాక కూడా లేస్తాడని ఎదురుచూశారు. కోర్టు తల్లిదండ్రుల్ని దోషులుగా తేల్చింది. తండ్రి లారీ పార్కర్ తర్వాత ఆ సంగతంతా పుస్తకంగా రాశాడు. మా అబ్బాయిని మేమే చావనిచ్చాం అనేది ఆ పుస్తకం పేరుకు అర్థం. వాళ్లు క్రూరులు కారు, బిడ్డను ప్రాణంగా చూసుకున్నవారు. నాకు భయం కలిగించేది అదే. ప్రేమ ఉంది, పట్టుదల ఉంది, కన్నీళ్లున్నాయి. లేనిది ఒక్క ఇన్సులిన్.

అదే దేశంలో ఇండియానా రాష్ట్రంలో హోబార్ట్ ఫ్రీమన్ అనే బోధకుడు వైద్యమే వద్దని ఒక పెద్ద సంఘాన్ని నడిపాడు. ఆ బోధ వల్ల వైద్యం అందక పోయిన పసిబిడ్డల, బాలింతల మరణాలను అక్కడి పత్రికలు ఒకటొకటిగా లెక్కగట్టి బయటపెట్టాయి. 1984లో ఫ్రీమన్ కూడా వైద్యం లేకుండానే చనిపోయాడు. ఈ బోధ అక్కడి నుంచి క్యాసెట్ల మీద, సీడీల మీద, ఇప్పుడు ఫోన్లలోని వీడియోల మీద మన పల్లెల దాకా వచ్చింది.

ఇక మందు ఆపితే ఏమవుతుందో జబ్బు జబ్బుకూ చెప్పాలి, ఎందుకంటే ఒక్కో జబ్బు ఒక్కో తీరుగా మోసం చేస్తుంది.

ఎక్కువగా చిన్నతనంలో వచ్చే టైప్ 1 షుగరులో ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవదు. సూది ఆపితే రోజుల్లోనే, ఒక్కోసారి గంటల్లోనే రక్తం ఆమ్లమవుతుంది. వాంతులు, కడుపునొప్పి, వేగంగా లోతుగా ఊపిరి తీయడం, నోటినుంచి పండ్ల వాసనలాంటిది రావడం దాని గుర్తులు. అప్పుడు చేయవలసింది 108కి ఫోన్.

టీబీ మోసం ఇంకో రకం. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్లు చేస్తుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ప్రార్థన చేస్తారు, సాక్ష్యం చెప్పిస్తారు, మందులు ఆగిపోతాయి. కానీ క్రిములు లోపల మిగిలే ఉంటాయి. అందుకే మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు పెట్టారు. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగని మొండి టీబీగా మారవచ్చు. అది దగ్గుతో పక్కనున్న పిల్లలకు, పక్క చాప మీద కూర్చున్నవారికి అంటుతుంది. అంటే ఒక మనిషి తొందరపాటు సాక్ష్యం మందిరం మొత్తానికి జబ్బు తేగలదు.

హెచ్ఐవీ మందులు సరిగ్గా వాడితే రక్తంలో వైరస్ పరీక్షకు కనిపించనంతగా తగ్గుతుంది. ఆ రిపోర్టు పట్టుకుని జబ్బు పోయిందని ప్రకటించిన సందర్భాలున్నాయి. పోలేదు, మందు దాన్ని అణచి ఉంచింది. మందు ఆపితే తిరిగి లేస్తుంది. బీపీకి చాలాసార్లు లక్షణమే ఉండదు. బాగుందనిపించడానికీ బాగవడానికీ తేడా చూపించేది బీపీ మిషను మాత్రమే. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా వరసగా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. ఐదు నిమిషాలు దాటినా ఫిట్స్ ఆగకపోతే అది ప్రాణాపాయం. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, 108 బండిని పిలవండి. తల మీద చేతులు వేసి నొక్కి పట్టకండి. పాము కరిచినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మూతి వంకరపోయి మాట పడిపోయినా ప్రార్థన అంబులెన్సులో చేయండి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందుకు సుమారు నాలుగున్నర గంటల వ్యవధే ఉంటుంది. సంఘ కాపరి వచ్చేదాకా ఆగుదామనుకుంటే ఆ గడువు దాటిపోతుంది.

ఉపవాసం గురించి విడిగా చెప్పాలి. షుగరు మందు వేసుకుని తిండి మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. 70 కంటే కిందికి వచ్చిందంటే లో షుగర్. చెమటలు పడతాయి, ఒళ్లు వణుకుతుంది, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది, మనిషి అయోమయంగా ప్రవర్తిస్తారు. స్తుతి ఆరాధన జోరుగా సాగే మందిరంలో ఆ వణుకును, ఆ తడబాటును ఆత్మ ఆవేశమని పొరబడే ప్రమాదం నిజంగా ఉంది. వణుకుతున్న మనిషికి షుగరు ఉందేమో ముందు అడగండి. స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి చేయండి. షుగరున్నవారు, గర్భిణులు, బాలింతలు, కిడ్నీ జబ్బువారు, ముసలివారు డాక్టరును అడగకుండా ఉపవాసముండవద్దని కరపత్రం మీదే అచ్చు వేయించండి. ఒక పూట భోజనం తగ్గించి ఆ డబ్బు బీదలకిచ్చే ఉపవాసం యెషయా 58వ అధ్యాయం చదివినవారికి కొత్త కాదు.

మానసిక జబ్బులది మరీ కన్నీటి గాథ. పిల్ల తనలో తను మాట్లాడుకుంటోందంటే, నిద్రపోకుండా తిరుగుతోందంటే, దయ్యమని తీర్మానించి నెలల తరబడి ప్రార్థనా మందిరాల్లో ఉంచే కుటుంబాలున్నాయి. కట్టేయడం, కొట్టడం కూడా జరుగుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగిని గొలుసులతో బంధించడాన్ని స్పష్టంగా నిషేధించింది. టెలీ మానస్ అనే ప్రభుత్వ సాయం 14416 నంబరులో తెలుగులోనే దొరుకుతుంది. ఆ పిల్ల కోసం రాత్రంతా ప్రార్థించండి, కానీ తెల్లారాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మందు వాడటం విశ్వాసలోపమని బైబిల్లో ఎక్కడుంది? హిజ్కియా రాజు మంచం పట్టి గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. 15 ఏళ్ల ఆయుష్షు పెరిగిందని యెషయా ప్రవక్త కబురు తెచ్చాడు. ఆ ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయమన్నాడు. జవాబు వచ్చేసిన తర్వాత కూడా కట్టు కట్టించాడు. పౌలు తన శరీరంలో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. అతనికి విశ్వాసం లేదనగలమా? ఆ పౌలే తిమోతికి కడుపు బలహీనతకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని చెప్పాడు, అతని వెంట తిరిగిన లూకా వైద్యుడు. గెత్సేమనేలో యేసు మూడుసార్లు ఒకే ప్రార్థన చేశాడు. ఆ గిన్నె తొలగలేదు. మందు పారేసి దేవుని శక్తి చూపించమనడం అంతకుముందు ఆయనకు ఎదురైన ఇంకో సంఘటనకు దగ్గరగా ఉంటుంది. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు పట్టుకుంటారని ఆయనతో అన్నది ఎవరో ప్రతి ఆదివారపు బడి పిల్లవాడికీ తెలుసు. ఆయన దూకలేదు.

డబ్బు సంగతికి వస్తున్నాను. పట్టుదలతో ప్రార్థించినా జవాబు రాలేదంటే విత్తనం వేయలేదంటారు. విత్తనమంటే కానుక. ఆపరేషనుకు దాచిన పదివేలు, కూతురి ఫీజు, తాకట్టు పెట్టిన గొలుసు డబ్బు అలా వెళ్లిపోతున్నాయి. ఈ విత్తన బోధకు విస్తృత ప్రచారం ఇచ్చింది అమెరికా బోధకుడు ఓరల్ రాబర్ట్స్. 1987లో ఆయన 80 లక్షల డాలర్లు జమకాకపోతే దేవుడు తనను తీసుకుపోతాడని టీవీలో చెప్పి విరాళాలు అడిగాడు. ఎలీషా ప్రవక్త పద్ధతి వేరు. కుష్ఠు పోయిన నయమాను సిరియా నుంచి తెచ్చిన వెండిబంగారాల్ని ఆయన ముట్టుకోలేదు. ఆ కానుక కోసం వెనకాల పరిగెత్తిన పనివాడు గేహజీకి ఏం జరిగిందో రెండో రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో ఉంది. ప్రార్థన చేయడానికి, నూనె సీసా ఇవ్వడానికి, పేరు చదవడానికి రేటు చెప్పిన చోట కూర్చోకండి. లేచి రండి.

పట్టుదలగల ప్రార్థనకు క్రైస్తవ లోకం చెప్పుకునే పేర్లలో జార్జి ముల్లర్ ఒకరు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పదివేల మందికి పైగా అనాథల్ని పెంచాడు, అవసరం ఎవరికీ చెప్పకుండా దేవుణ్ణే అడిగాడు. మన గోదావరికి ఆయనకు చుట్టరికముంది. నర్సాపురం ప్రాంతంలో పనిచేసిన బౌడెన్, బీర్ కుటుంబాల్ని 1836లో మన దేశానికి వెంటబెట్టుకొచ్చిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్, ముల్లర్ భార్య మేరీకి స్వయానా అన్న. ముల్లర్ ప్రార్థనల గురించి వేదికల మీద చాలామంది చెబుతారు. ఆయన ఏటేటా జమాఖర్చులు అచ్చు వేయించి అందరికీ ఇచ్చాడన్నది ఎంతమంది చెబుతారు? దేవుని దగ్గర ధైర్యంగా అడిగినవాడు మనుషుల ముందు లెక్క చూపించడానికి జంకలేదు. మీరు కానుకిచ్చే సంఘం అలా చూపిస్తోందా? అడగండి, అడగడం పాపం కాదు.

ఒంగోలు కొండ కథ మనదే. 1853లో అమెరికాలోని బాప్టిస్టులు ఫలితం లేని నెల్లూరు మిషనును మూసేద్దామా అని చర్చించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషనుకు చెందిన జ్యూయెట్ దంపతులు, కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్క కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు జాన్ క్లాఫ్ ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు పట్టింది. ఈలోపు ఎవరూ వచ్చేశాడని పలుకుతూ కూర్చోలేదు, రాలేదనే చెబుతూ అడిగారు. ఆ తర్వాత 1876-78 మహా కరువు. కళ్లల్లో ప్రాణాలు పెట్టుకుని జనం దారుల వెంట పడిపోతుంటే క్లాఫ్ ప్రార్థన కూడికతో సరిపెట్టుకోలేదు. ఆయనకు సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాల, మాదిగ పల్లెల జనానికి కూలి, కూడు దొరికేలా చేశాడు. తిండి కోసం మతం తీసుకున్నారన్న మాట రాకూడదని కరువులో ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు సాయం అయిపోయాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను మన పెద్దలు గర్వంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం దాని వెనకున్న కాలువ తవ్వకం, ఆ ఏడాది ఆగిన నిగ్రహం ఎక్కువ కనిపిస్తాయి. ఆకలితో ఉన్నవాడి అవసరాన్ని అదనుగా వాడుకోనన్నాడు. ఇవాళ జబ్బుతో ఉన్నవాడి అవసరం మీద కొందరు వేదికలు కట్టుకుంటున్నారు.

అలాగే ప్రార్థించినవారే మన నేల మీద ఆసుపత్రులు కట్టారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ ఆనా కూగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ కుష్ఠురోగులకు ఆశ్రయం కట్టింది. దానికి విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ రోగుల కోసమే పుట్టింది. వీళ్లలో ఒక్కరు కూడా ప్రార్థనకూ మందుకూ మధ్య గొడవ పెట్టలేదు.

మందు మానమనే మాట పేదల ఇళ్లలోనే ఎందుకు తేలిగ్గా నాటుకుంటుందో కూడా చూడాలి. నెలకు రెండు వేల మందులు కొనలేని కూలీకి, ఇక కొననక్కర్లేదు అన్న కబురు నిజంగానే సువార్తలా వినిపిస్తుంది. దీనికి జవాబు గద్దింపు కాదు. టీబీ, హెచ్ఐవీ మందులు ప్రభుత్వం పూర్తిగా ఉచితంగా ఇస్తుంది. బీపీ, షుగరు మాత్రలు పీహెచ్‌సీల్లో ఉచితం. జన ఔషధి దుకాణాల్లో జనరిక్ మందులు చవక. పెద్ద ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకాలున్నాయి. కానుకల పెట్టెలో కొంత తీసి సంఘంలోని పేద రోగికి నెల మందులు కొనివ్వడం ఏ సంఘానికైనా సాధ్యమే. కానుకకు అంతకంటే మంచి ఖర్చు నాకు తోచదు.

పాస్టర్లకు ఒక మాట. మీలో చాలామంది నిజాయితీపరులు, జబ్బుమనిషి మంచం పక్కన రాత్రంతా కూర్చునేవారు. మీ మౌనం వల్లే మిగతావారి గొంతు పెద్దదవుతోంది. 1954 నాటి ఔషధాలు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం షుగరు, క్యాన్సర్, ఫిట్స్ లాంటి జబ్బుల్ని మంత్రాలతో, తాయెత్తులతో, అలాంటివేవైనా చూపించి తగ్గిస్తామని ప్రకటించడాన్ని నేరంగా చేసింది. నూనె సీసా బొమ్మ పక్కన జబ్బు పేర్లు వేసి ఫ్లెక్సీలు కట్టేవారు ఆ చట్టం చదువుకోవాలి. మీ వేదిక మీద ఎవరైనా స్వస్థత సాక్ష్యం చెబితే, డాక్టరు చూశారా, మందులు వాడుతున్నారా అని అక్కడే అడగండి. ఇంకా తగ్గనివాళ్లకూ మైకు ఇవ్వండి. ఐదేళ్లుగా డయాలిసిస్ మీద ఉండి ఇంకా ప్రార్థిస్తున్న మనిషి సాక్ష్యం మందిరం వినాలి. ఆ విధవరాలి వారసులు వాళ్లే.

ఇంట్లోవారికి: కూడికకు వెళ్లొచ్చిన అమ్మ మందుల డబ్బా రెండు రోజులుగా కదలకపోతే గమనించండి. కోప్పడకండి. ఆమె విశ్వాసాన్ని ఎగతాళి చేస్తే దాచి మానేస్తుంది. పక్కన కూర్చుని, మాత్ర అరచేతిలో పెట్టి, ఆమెతో కలిసి ప్రార్థించి వేయించండి. మా నాయనమ్మ బీపీ మాత్రను అలాగే వేసుకునేది. కళ్లు మూసుకుని, స్తోత్రమని, నీళ్లు తాగి, మళ్లీ మోకాళ్ల మీదికి వెళ్లేది. ఆమె అడిగినవాటిలో కొన్ని జరిగాయి. కొన్ని ఆమె పోయేదాకా జరగలేదు, అడగడం మాత్రం ఆపలేదు.

ఈ రాత్రి ఉపవాస కూడిక నడిపేవారు మొదటి పాటకు ముందే మైకు తీసుకుని చెప్పండి: షుగరున్నవారు చేతులెత్తండి, మీరు తిని రండి, మందులు వేసుకుని రండి, పంచదార నీళ్లు ఇక్కడ బల్ల మీద ఉన్నాయి, ఎవరికి తల తిరిగినా సిగ్గుపడకుండా చెప్పండి, 108 నంబరు గోడ మీద రాశాం. అర నిమిషం పడుతుంది. ఆ తర్వాత ప్రార్థన మొదలుపెట్టండి.